మూలం లేని మాట

పర్శరాములుకు చెవులు సరిగా వినపడవు. ముప్పై ఐదేళ్ళు సాంచాల మధ్య నిలబడ్డ మనిషి. ఆయన ఊరు చింతలగట్టులో మరమగ్గాన్ని సాంచా అంటారు. కరుణాకర్‌రావు కార్ఖానాలో అవి ముప్పై రెండు ఉన్నాయి. వాటిలో ఎనిమిదింటిని పర్శరాములు చూసుకునేవాడు. దారం తెగితే కంటితోనే పట్టుకోవాలి, ఎందుకంటే చెవికి అంతా ఒకటే మోత. ఇంటికొచ్చి కూర్చున్నాక కూడా ఆ మోత తలలో తిరుగుతూనే ఉండేది. ఎదుటి మనిషి రెండుసార్లు చెప్పాల్సి వచ్చి విసుక్కోవడం ఆయనకు అలవాటైపోయింది. అక్షరం విసుక్కోదు. అందుకే ఏడో తరగతితో బడి మానేసిన ఆయన యాభై దాటాక చదువులో పడ్డాడు.

ఆరేళ్ళ కింద కొడుకు అరుణ్‌కుమార్ తన పాత ఫోను ఇచ్చిపోయాడు. దాంట్లో ఆయనకు ఒక విజ్ఞాన సర్వస్వం దొరికింది. ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు, ఎవరైనా రాయవచ్చు కూడా. మొదట ఊరి పేరులో ఒక అక్షరం తప్పుంటే దిద్దాడు. దిద్దింది దిద్దినట్టే నిలిచింది. అంతకు ముందు ఆయన చెప్పిన మాట ఏదీ ఎక్కడా అట్లా నిలవలేదు. తర్వాత రాయడం మొదలుపెట్టాడు. మంథని నుంచి పెద్దపల్లి పోయే బస్సు ఆగే ఊళ్ళ గురించి, ఎండిపోయిన వాగుల గురించి, మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడె గురించి, నిలువు దారాల పడుగు గురించి రాశాడు. ప్రతి వాక్యానికీ ఒక మూలం చూపాలన్నది అక్కడి నియమం. అచ్చయిన పుస్తకమో పత్రికో ఉండాలి. అందుకోసం సెలవు రోజుల్లో కరీంనగర్ గ్రంథాలయానికి పోయి, నోటుబుక్కులో రాసుకొని వచ్చేవాడు. కొత్తగా రాసేవాళ్ళు మూలం లేకుండా రాస్తే ఆయనే హెచ్చరిక పెట్టేవాడు. ఆయన వ్యాసాలు నూట నలభై దాటాయి.

ఆ వర్షాకాలంలో ఒకరోజు పేజీ పైన, దాన్ని నడిపే అమెరికా సంస్థ పెట్టిన ఒక విన్నపం కనిపించింది. ప్రకటనలు లేకుండా నడుపుతున్నామని, చదివేవాళ్ళు తోచినంత ఇస్తేనే నడుస్తుందని అందులో ఉంది. పర్శరాములు దాన్ని మూడు రోజులు చదివాడు. నాలుగో రోజు అన్నం తింటూ భార్యతో చెప్పాడు.

నర్మద అదే కార్ఖానాలో దారం కండెలు చుడుతుంది. ఆమె కంచంలోంచి తల ఎత్తింది.

"రెండు వందలా? ఎవలికి?"

"గా పుస్తకానికే. ఫోన్ల ఉంటది, నేను రాస్త చూడు."

"రాసినందుకు వాళ్ళే నీకియ్యాలె గని, నువ్వే వాళ్ళకిస్తవా? యాడన్న ఉన్నదా గీ కథ?"

"తలా ఇంతేస్తెనే నడుస్తదట."

"మనిల్లు ఎట్ల నడుస్తుందో చూసినవా? బియ్యం డబ్బల చెయ్యి పెట్టి చూడు జర."

ఆమె అన్నదాంట్లో తప్పు లేదని పర్శరాములుకు తెలుసు. కానీ ఆరేళ్ళుగా తింటున్న పంక్తికి ఒక్కసారీ వడ్డించలేదన్న బాధ ఆయనను వదల్లేదు. ఫోన్లో డబ్బు పంపడం ఆయనకు రాదు. కొడుకును అడిగితే కోప్పడతాడు.

ఆదివారం కార్ఖానా తాళంచెవి ఇవ్వడానికి కరుణాకర్‌రావు ఇంటికి పోయినప్పుడు వరండాలో స్నిగ్ధ కనిపించింది. ఆమె కరుణాకర్‌రావు కొడుకు కూతురు, కరీంనగర్‌లో ఎనిమిదో తరగతి చదువుతుంది. నేత గురించి బడిలో ఏదో రాయమంటే నిరుడు పర్శరాములే దగ్గర కూర్చుండి చెప్పాడు. అప్పటి నుంచి ఆయనను తాతా అని పిలుస్తుంది.

"పాపా, గిండ్ల నుంచి పైసలెట్ల పంపుతరో చూపెడుతవా?" అని ఫోను అందించాడు.

స్నిగ్ధ ఫోను చూసి కళ్ళు పెద్దవి చేసింది. "నువ్వు దీంట్ల రాస్తవా తాతా? మా ఊరి పేజీ గూడ నువ్వేనా?"

"నేనే. బడి పేజీ గూడ."

"ఆగు, మా తాతకు చూపెట్టొస్త" అని ఆ పిల్ల లోపలికి పరుగెత్తింది. పర్శరాములు ఆపబోయాడు. ఆమె అప్పటికే గడప దాటింది.

కరుణాకర్‌రావుకు అరవై నిండబోతున్నాయి. పాత దొరల కుటుంబం. భూమి కొంత అమ్మి కార్ఖానా, రైస్ మిల్లు పెట్టాడు. ఊరి బడిని తన తండ్రి నర్సింగరావు కట్టించాడని ఇరవై ఏళ్ళుగా ప్రతి సభలో చెబుతూ వచ్చాడు. బడికి తండ్రి పేరు పెట్టించాలని కాగితాలు కూడా పైకి పంపాడు. ఇప్పుడు మనవరాలు ఫోనులో చూపించిన పేజీలో ఇట్లా ఉంది: "ఈ బడిని 1966లో ఊరి నేతపనివారు ఇంటికొక రోజు కూలి వేసుకొని, శ్రమదానంతో కట్టుకున్నారు. స్థలంగా దొరికిన గుంతను పూడ్చడానికి మూడు నెలలు పట్టింది." కింద మూలం: పాఠశాల రజతోత్సవ సంచిక, 1991. బడి స్థలమని ఆ గుంతను చూపించింది నర్సింగరావే. పర్శరాములు ఆ పేరు కూడా రాయలేదు.

కరుణాకర్‌రావు రెండుసార్లు చదివి, ఫోను పిల్లకు ఇచ్చి, బయటికి వచ్చాడు.

"మంచిగ రాసినవురా పర్శరాములు. పైసలు గూడ పంపుతవట గదా?"

"రెండు వందలే దొరా."

"రెండు వందలేంది? నేనిప్పిస్త చూడు. వచ్చే ఆదివారం మీ ఇద్దరు రాండ్రి. సుట్టాలొస్తరు, ఇంట్ల దావతున్నది."

దొర తమను పేరుపెట్టి భోజనానికి పిలవడం అదే మొదటిసారి. వడ్డన పని ఉంటుందని నర్మద అనుకుంది. ఆమె ఉతికిన చీర కట్టుకుంది. ఆయన తెల్లచొక్కా వేసుకున్నాడు.

ఆ ఆదివారం చుట్టాలంతా ధర్మపురి నరసింహస్వామి దర్శనం చేసుకొని నేరుగా కరుణాకర్‌రావు ఇంటికి వచ్చారు. ముప్పై మంది దాకా ఉన్నారు. భోజనాలకు ఇంకా గంట ఉంది. హాలు మధ్యలో కుర్చీలు జరిపించి, కరుణాకర్‌రావు పర్శరాములును పిలిచి నిలబెట్టాడు. నర్మదను వంటింటి గుమ్మం దగ్గర ఉండమన్నారు.

"వీడు మా కార్ఖానల సాంచాలు నడుపుతడు" అన్నాడు కరుణాకర్‌రావు అందరితో. "ఏడు చదివిండు. గని లోకం సంగతులన్ని రాస్తడు. ఫోన్ల వీడు రాసిందే మన పిల్లలు చదువుతుండ్రు. ఆ పుస్తకానికి చందా గూడ ఇస్తడట. సర్కారు బతుకమ్మ చీరెల ఆర్డర్ రాకుంటే పస్తులుండేటోడు, అమెరికోళ్ళకు చందా!"

అందరూ నవ్వారు. పర్శరాములుకు మాటలు పూర్తిగా వినపడలేదు. నవ్వుతున్నారు కాబట్టి తానూ నవ్వాడు.

కరుణాకర్‌రావు గొంతు పెంచాడు. "ఒక్కో ప్రశ్నకు సరిగ చెప్తే నూరు రూపాయలు నేను పంపుత నీ పుస్తకానికి. తప్పితే పది గుంజీలు. సరేనా?"

పర్శరాములు నర్మద వైపు చూసి, "సరే దొరా" అన్నాడు.

నస్పూర్ నుంచి వచ్చిన ఒక కాంట్రాక్టరు మొదట అడిగాడు. "బొగ్గు ఎట్లయితది చెప్పు."

భూమిలో పూడిపోయిన అడవుల గురించి, వాటి మీద పేరుకున్న మట్టి గురించి, వేల ఏళ్ళు కాదు కోట్ల ఏళ్ళు పట్టడం గురించి పర్శరాములు చెప్పాడు. ఒక పెద్దాయన గోదావరి ఎక్కడ పుట్టిందో అడిగాడు. ఇంకొకాయన ఆదిలాబాద్ దిక్కు కుంటాల జలపాతం ఏ వాగు మీద ఉందో అడిగాడు. త్రయంబకం అన్నాడు, కడెం వాగు అన్నాడు. అట్లా ఆరు ప్రశ్నలకు ఆరు జవాబులు చెప్పేసరికి హాల్లో నవ్వు తగ్గింది. కాంట్రాక్టరు "శభాష్" అని చప్పట్లు కొట్టాడు. వెనక కూర్చున్న ఆడవాళ్ళు కూడా ముందుకు వంగి చూశారు. పర్శరాములు నడుము కొంచెం నిటారయింది. ఆరు వందలు పుస్తకానికి పోతాయి. తాను ఇవ్వాలనుకున్నదానికి మూడింతలు.

కరుణాకర్‌రావు ఆ నడుమును చూశాడు.

"స్నిగ్ధా, ఇగ నువ్వడుగు" అన్నాడు. మనవరాలిని హాలు చివరికి తీసుకుపోయి పక్కన నిలబెట్టుకున్నాడు. "మెల్లగ అడగాలె. గట్టిగ అడిగితే పక్కోళ్ళు అందిస్తరు."

పిల్ల అడిగింది. పెదవులు కదలడం పర్శరాములుకు కనిపించింది. చెయ్యి చెవి వెనక పెట్టుకొని ఒక అడుగు ముందుకు వేశాడు.

"అక్కడనే ఉండు" అన్నాడు కరుణాకర్‌రావు.

"వినవడలే దొరా."

"అందరికి వినవడ్డది. నీకే వినవడలేదా? వినవడకుంటే తప్పే."

ఎవరో కిసుక్కుమన్నారు. పర్శరాములు చెవులు పట్టుకొని పది గుంజీలు తీశాడు. ఆరోదానికి ఎడమ మోకాలు పట్టేసింది. ఏడోది సగంలో ఆపితే, "సగం లెక్కకు రాదు" అన్నాడు కాంట్రాక్టరు, ఇందాక చప్పట్లు కొట్టినవాడే. స్నిగ్ధ తల్లి రచన లేచి ఫోనుతో వీడియో తీయసాగింది. ఆ ఏడో గుంజీ మళ్ళీ తీయించారు. 

రెండో ప్రశ్నకు స్నిగ్ధ గొంతు పెంచింది. కరుణాకర్‌రావు ఆమె భుజం మీద చెయ్యి వేసి నొక్కాడు. "మెల్లగ అన్న కద బిడ్డా." ఆమె గొణిగింది. పర్శరాములు మళ్ళీ పది తీశాడు. చొక్కా వీపుకు అంటుకుంది.

"చాలు తాతా" అంది స్నిగ్ధ తన తాత చెయ్యి పట్టుకొని.

"నువ్వే కదా చూపెట్టినవు, పర్శరాములు తాతకు అన్ని తెలుసని. ఇగ చివరిది నేనడుగుత." కరుణాకర్‌రావు హాలు మధ్యకు వచ్చి, పర్శరాములుకు మూరెడు దూరంలో నిలబడి, స్పష్టంగా అడిగాడు. "మన ఊరి బడి ఎవలు కట్టిచ్చిండ్రు?"

పర్శరాములుకు ప్రతి అక్షరం వినపడింది. ఆయన తండ్రి రాయమల్లు ఆ గుంతలో మట్టి పోశాడు. పునాది రాయి జారి పడి కుడికాలి రెండు వేళ్ళు పోగొట్టుకున్నాడు. పర్శరాములు గుమ్మం వైపు చూశాడు. నర్మద తల అడ్డంగా ఊపింది, చాలా చిన్నగా. గెలవొద్దు, బయటపడు అని ఆమె భావం.

"పెద్దదొర కట్టిచ్చిండు" అన్నాడు పర్శరాములు. "నర్సింగరావు దొర."

కరుణాకర్‌రావు తల ఊపి, మనవరాలి వైపు తిరిగాడు. "పుస్తకంల ఏమున్నదో చదువు బిడ్డా. ఈసారి గట్టిగ చదువు."

స్నిగ్ధ చదివింది. నేతపనివారు, ఇంటికొక రోజు కూలి, శ్రమదానం, మూడు నెలలు. చదువుతుంటే గొంతు వణికింది.

"మరి నీ జవాబు తప్పు గదరా. నీ పుస్తకమే చెప్తుంది తప్పని" అన్నాడు కరుణాకర్‌రావు. హాలంతా పకపకా నవ్వింది. ఈసారి నవ్వు పర్శరాములుకు బాగా వినపడింది. ఆయన మళ్ళీ కూర్చున్నాడు, లేచాడు. నాలుగోసారి కూర్చున్నాక లేవలేకపోయాడు.

"లేవకు. గట్లనే కూసోని దిద్దు." కరుణాకర్‌రావు పర్శరాములు జేబులోంచి ఆయన ఫోనే తీసి చేతిలో పెట్టాడు.

పర్శరాములు నేలమీద కూర్చొని పేజీ తెరిచాడు. నేతపనివారిని తీసేశాడు. గుంతను తీసేశాడు. "గ్రామస్థుడు నర్సింగరావు గారు కట్టించారు" అని రాశాడు. మార్పుకు కారణం రాయమని అడిగే చోట ఏమీ రాయలేదు. చెమటతో తెర మీద వేళ్ళు జారుతుంటే ఒక్కో అక్షరం రెండుసార్లు కొట్టాల్సి వచ్చింది. అంతసేపూ రచన ఫోను ఆయన మీదే ఉంది.

"తిని పోండ్రి" అన్నాడు కరుణాకర్‌రావు.

వెనక వసారాలో ఇద్దరికీ విస్తళ్ళు వేశారు. నర్మద విస్తరి ముట్టలేదు. పర్శరాములు మాత్రం రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు. పొద్దుటి నుంచి ఏమీ తినలేదు మరి. తింటుంటే తొడలు వణుకుతూనే ఉన్నాయి. ఆరు జవాబుల డబ్బుల మాట ఎవరూ ఎత్తలేదు.

పొద్దు గూకక ముందే వీడియో ఊరి గ్రూపుల్లో తిరిగింది. అరుణ్‌కుమార్ కరీంనగర్‌లో బైకులు అమ్మే షోరూములో పని చేస్తాడు. అతను తండ్రికి ఫోను చేసి గట్టిగా అన్నాడు.

"ఏంది బాపు గది? మా షోరూంల అందరి ఫోన్లల్ల నువ్వే ఉన్నవ్. నా ముంగటనే చూసి నవ్వుతుండ్రు."

"దొర అడిగిండు బిడ్డా..."

"అడిగితే గుంజీలు తీస్తవా? నీకు ఇజ్జత్ లేకుంటే లేకపాయె, మాకన్న ఉండనియ్యవా? ఆ ఫోను ఇచ్చుడే నాది బుద్ధి తక్కువ. పగలగొట్టు దాన్ని. నేనిప్పట్ల ఊరికి రాను, నువ్వు గూడ ఇటు రాకు."

ఫోను పెట్టేశాడు. నర్మద ఏమన్నాడని అడిగింది. "మంచిగున్నడట" అన్నాడు పర్శరాములు.

సోమవారం కార్ఖానాలో ఎవరూ ఆయన ముఖం చూడలేదు. తొమ్మిదింటికి ఫోను తెరిచాడు. బడి పేజీ పాత రూపంలోకి వచ్చి ఉంది. నేతపనివారు, గుంత, మూడు నెలలు, అన్నీ తిరిగి ఉన్నాయి. కింద ఆయన పేరున ఒక సందేశం ఉంది. ఏ ఊరివాడో తెలియని ఒక తోటి రచయిత రాశాడు: "పర్శరాములు గారూ, మూలం ఉన్న వాక్యాన్ని మూలం లేకుండా మార్చారు. మీలాంటి అనుభవం ఉన్నవారు ఇలా చేయడం ఆశ్చర్యంగా ఉంది. పాత పాఠాన్ని తిరిగి చేర్చాను."

ఆయన దాన్ని సాంచాల మధ్య నిలబడి చదివాడు. సిగ్గేసింది. సిగ్గుతో పాటు ఒళ్ళంతా తేలికయింది. ఎక్కడో ఒక మనిషి, తన ముఖం ఎరగనివాడు, తన తండ్రి మోసిన మట్టిని తిరిగి ఆ గుంతలో పోశాడు. మూడో సాంచా మీద దారం తెగి రెండు మీటర్ల బట్ట పాడయ్యేదాకా ఆయన చూడలేదు.

పదకొండింటికి కరుణాకర్‌రావు ఆఫీసు గదిలోకి పిలిచాడు. ఆయన ముందు ఫోనులో అదే పేజీ ఉంది.

"మల్ల మార్చినవా?"

"నేను మార్చలే దొరా. వేరేటోళ్ళు మార్చిండ్రు."

"ఎవలా వేరేటోడు?"

"తెల్వదు."

"యాడుంటడు?"

"తెల్వదు దొరా."

"ఎవలో తెల్వనోడు, యాడుంటడో తెల్వనోడు, మా బాపు బడి కట్టిచ్చిండో లేదో వానికెట్ల తెలుస్తదిరా?"

"రజతోత్సవం సంచికల ఉన్నది దొరా. గా పుస్తకం చూపెట్టే రాసిన."

"యాడున్నది గా పుస్తకం?"

"బడిలనే, అల్మారల. ఒక్కటే ఉన్నది" అన్నాడు పర్శరాములు. దొర నమ్మాలని చెప్పాడు.

కరుణాకర్‌రావు కిటికీలోంచి బడి దిక్కు చూశాడు. "సరే. ఇప్పుడు మల్ల మార్చు."

పర్శరాములు ఫోను తీయలేదు.

"చెప్తుంటె వినవడతలేదా?"

"వినవడ్డది దొరా. మార్చ."

ఆ మాట ఎట్లా వచ్చిందో ఆయనకే తెలియలేదు. కరుణాకర్‌రావు కుర్చీలో వెనక్కి వాలాడు. "నిన్న అంతమందిల చెవులు పట్టుకున్నప్పుడు యాడ పోయిందిరా నీ రోషం? ఇయ్యాల తలుపేసుకున్నంక వచ్చిందా? రేపటి నుంచి రాకు. నీ పెండ్లాన్ని ఏమనను. కండెలు చుట్టేటోళ్ళు దొరుకుతలేరు."

ఊళ్ళో ఇంకా పదకొండు కార్ఖానాలు ఉన్నాయి. పర్శరాములు పదకొండింటికీ పోయాడు. నాగరాజు అనే యజమాని ఒక్కడే దాచకుండా చెప్పాడు. "నీ పని నాకు తెలుసన్నా. గని ఆయన ఫోన్ చేసిండు. నాకు పత్తి దారం ఆయన దగ్గర్నుంచే వస్తది, నేనేం జెయ్యాలె?"

నాలుగో రోజు సాయంత్రం నర్మద పని నుంచి వచ్చి, కొంగు ముడి విప్పి రెండు వందల రూపాయలు ఆయన ముందు పెట్టింది.

"పంపు."

పర్శరాములు ఆమె ముఖంలోకి చూశాడు. "ఇప్పుడా?"

"మా బాపు గూడ మోసిండు మట్టి. గుంజీలప్పుడు నేనే తల ఊపిన, అబద్ధం చెప్పుమని. ఆ ఎవలో మనిషి దాన్ని మల్ల నిలవెట్టిండంటివి గద. పంపు."

ఫోన్ రీచార్జ్ చేసే పద్మలత దుకాణానికి పోయి పంపించారు. కాసేపటికి కృతజ్ఞతలు చెబుతూ ఒక ఉత్తరం ఫోనుకు వచ్చింది. పర్శరాములు దాన్ని నర్మదకు చదివి వినిపించాడు. ఆమె మళ్ళీ చదవమంది.

రెండు నెలలు ఆయన కరీంనగర్ రోడ్డు మీద ఒక ఇటుక బట్టీలో పని చేశాడు. మోకాలు సహకరించక సగం కూలే ఇచ్చారు. ఆ రెండు నెలల్లో కరుణాకర్‌రావు ఊరికే కూర్చోలేదు. బడికి అరవై ఏళ్ళు నిండుతున్నాయని వజ్రోత్సవం తలపెట్టాడు. తన ఖర్చుతో మంచి కాగితం మీద నూట ఇరవై పేజీల సంచిక అచ్చు వేయించాడు. తొమ్మిదో పేజీలో "మా నాన్న కట్టించిన బడి" అని ఆయన వ్యాసం, నర్సింగరావు రంగుల ఫొటో. వారం తిరగకముందే బడి పేజీలో ఎవరో కొత్త వాక్యం చేర్చారు. కింద మూలం ఉంది: పాఠశాల వజ్రోత్సవ సంచిక, పుట 9. పాత సంచిక అనేది అసలు లేదని, కావాలంటే బడిలో విచారించుకోమని, రాసేవాళ్ళు తమలో తాము వాదించుకునే చర్చ పేజీలో రాశారు.

పర్శరాములు ఇటుకలు పక్కన పెట్టి, చర్చ పేజీలో పెద్ద ఉత్తరం రాశాడు. తండ్రి కాలి వేళ్ళ గురించి కూడా రాశాడు. అప్పుడు పాత పాఠాన్ని తిరిగి చేర్చిన ఆ తోటి రచయితే మర్యాదగా జవాబిచ్చాడు. "పాత సంచికలోని ఆ పుటను ఫొటో తీసి చూపగలరా? చూపితే రెండు మూలాలనూ ఉంచుదాం."

ఇంతకు ముందు ఆయన ఫొటో తీసుకోలేదు. పుస్తకం బడిలోనే ఉంటుంది కదా అని నోటుబుక్కులో రాసుకొని వదిలేశాడు. ఆ మధ్యాహ్నమే బడికి పోయాడు. హెడ్మాస్టరు రంగులు వేసేవాళ్ళతో మాట్లాడుతున్నాడు.

"రజతోత్సవ సంచికనా? అసలు ఉండెనా అది?" అన్నాడు ఆయన, పర్శరాములు వైపు చూడకుండా.

అల్మారా ఉన్న గది ఖాళీగా, సున్నం వాసన వేస్తూ ఉంది. బడి ఊడ్చే కమలవ్వ చీపురుతో బయటికి వచ్చింది.

"గా అర్రల పుస్తకాలన్ని పోయినయి కదా అన్నా. దొర మనుషులొచ్చి ఆరు బస్తాలు కట్టి కాంటకు వేసిండ్రు. నెల దాటింది."

ఆయన పాత కాగితాలు కొనేవాడిని వెతుక్కుంటూ కరీంనగర్ దాకా పోయాడు. అక్కడి గుమాస్తా నవ్వాడు. నెల కింది కాగితం ఎప్పుడో గుజ్జయి అట్టపెట్టెలుగా మారిపోయి ఉంటుందన్నాడు.

నోటుబుక్కు పేజీని ఫొటో తీసి పెట్టాడు. మరునాడు జవాబు వచ్చింది. "చేతిరాత ప్రతిని మూలంగా తీసుకోలేము. కుటుంబ జ్ఞాపకాలు కూడా మూలం కావు. ఈ నియమం మీకు నాకంటే బాగా తెలుసు. సంచిక దొరికితే తప్పక తిరిగి చేర్చుదాం. క్షమించండి." నేతపనివారి వాక్యం పోయింది. ఇట్లాంటి జవాబే, దాదాపు ఇవే మాటలతో, ఆయన ఎంతోమందికి రాశాడు.

నర్మద ఊరుకోలేదు. "రెండు వందలిస్తిమి గద. అడుగు వాళ్ళను. పైసలిచ్చినోళ్ళమని చెప్పు."

"పైసలిచ్చినోళ్ళ మాటనే రాస్తే, దొర ఇయ్యగలిగినంత మనమియ్యగలమా?"

"మరెందుకిచ్చినం?"

ఆయన ఫోను పక్కన పెట్టేశాడు. ఆ రోజు నుంచి ఆయన అక్కడ ఏమీ రాయలేదు. చదవడం కూడా మానేశాడు. ఫోను కొడుకుకు పంపించాడు. కొడుకు అందిందని కూడా చెప్పలేదు.

వజ్రోత్సవం రోజు కార్ఖానాకు సెలవు ఇచ్చారు. సభకు వచ్చినవాళ్ళకే ఆ రోజు కూలి అన్నారు. నర్మద ఇంట్లో పొయ్యి తుడిచి, చీర మార్చుకొని, తలుపు దగ్గర నిలబడింది. పర్శరాములు మంచంలో కూర్చొని మోకాలికి నూనె రాసుకుంటున్నాడు. పోవద్దని అనలేదు. పొమ్మనీ అనలేదు. ఆమె పోయింది.

బడి ముందు నర్సింగరావు విగ్రహానికి ముసుగు తీశారు. కరుణాకర్‌రావు తండ్రిని తలుచుకొని మైకులో ఏడ్చాడు. కండెలు చుట్టే ఆడవాళ్ళందరినీ ముందు వరసలో కూర్చోబెట్టారు. స్నిగ్ధ వేదిక మీద నిలబడి సంచికలోని తొమ్మిదో పేజీ చదివింది. ఈసారి ఆమె గొంతు వణకలేదు.

నర్మద మధ్యాహ్నం దాటాక ఇంటికి వచ్చింది. సభలో ఇచ్చిన పులిహోర పొట్లం విప్పి ఆయన ముందు పెట్టింది.

"ఏం జేసిండ్రు ఆడ?" అని అడిగాడు పర్శరాములు.

ఆమె ఏదో చెప్పింది. ఆయనకు వినపడక చెయ్యి చెవి వెనక పెట్టుకున్నాడు.

నర్మద దగ్గరికి జరిగి, గట్టిగా చెప్పింది. "చప్పట్లు కొట్టుమన్నరు. కొట్టిన."

పర్శరాములు తల ఊపి, పొట్లం ముందుకు లాక్కున్నాడు.